ఇంజనీరు జీతం: కాగితం మీద అంకె వేరు, చేతికందే డబ్బు వేరు

పెనుకొండ: ఇంజనీరింగ్ చదివిన పిల్లలు లేని పల్లె జిల్లాలో నేడు లేదంటే అతిశయోక్తి కాదు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన తరువాత మడక పట్టిన ఇళ్ళ నుంచి కూడా ఇంజనీర్లు బయలుదేరారు. ఇది సంతోషించదగ్గ విషయమే. అయితే చదువు ముగిసి ఉద్యోగ పత్రం చేతికి వచ్చిన రోజున దాన్ని తూచి చూసే తక్కెడ మాత్రం మన ఊళ్ళకు ఇంకా రాలేదు. రచ్చకట్ట మీద అడిగేది ఒకే ప్రశ్న: "సంవత్సరానికి ఎంతంట?" జవాబులో వచ్చే అంకెను బట్టి పిల్లవాడి తెలివి, తండ్రి అదృష్టం, ఇంటి పరువు అన్నీ అక్కడికక్కడే తేలిపోతున్నాయి.

పెనుకొండ డివిజన్‌లోని ఒక పల్లెలో ఇటీవల ఇదే విషయమై ఒక ఇంట్లో వారం రోజులు తగవు నడిచింది. నాలుగెకరాల వర్షాధారపు వేరుశనగ రైతు ఆయన. కొడుకు మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. చేతిలో రెండు పత్రాలున్నాయి. ఒకటి బెంగుళూరులోని సాఫ్ట్‌వేర్ కంపెనీది, సంవత్సరానికి మూడున్నర లక్షలు. రెండోది జాతీయ రహదారి పక్కన కార్ల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీది, రెండు లక్షల నలభై వేలు. "మూడున్నర ఎక్కువా, రెండు నలభై ఎక్కువా? ఒకటో తరగతి పిల్లోణ్ణి అడిగినా చెప్తాడు" అని తండ్రి. "రెండూ వద్దు బావా, గవర్నమెంటు ఉద్యోగానికి చదివించు" అని మేనమామ. పిల్లవాడు మాత్రం, "నాయనా, లెక్క ఒకసారి కాగితం మీద ఎయ్యనీ" అన్నాడు. ఆ లెక్క ఈ విలేఖరి కూడా చూడడం జరిగింది. జిల్లాలో ఎందరికో పనికివచ్చే లెక్క కనుక కొంత వివరంగా ఇవ్వడమైనది.

మూడున్నర లక్షల్లో ఏమేమి వున్నాయి?

కంపెనీలు ఆఫర్ పత్రంలో వేసే అంకెను సీటీసీ అంటారు. అంటే ఆ ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అది జీతం కాదు. పంటకు పెట్టిన పెట్టుబడిని, అమ్మగా వచ్చిన రాబడిని ఒకటే అనుకునే రైతు ఎవరూ వుండరు. ఇక్కడ మాత్రం అదే పొరబాటు జరుగుతున్నది.

మూడున్నర లక్షలను పన్నెండుతో భాగిస్తే నెలకు 29 వేల పైన వస్తుంది. మూలవేతనం అందులో సగం, అంటే 14,580 అనుకుందాం. దాని మీద నూటికి 12 చొప్పున కంపెనీ కట్టే భవిష్యనిధి వాటా 1,750 రూపాయలు ఈ మొత్తంలోనే కలిసి వుంటుంది. గ్రాట్యుటీ పేరిట మరో 700, ఆరోగ్య బీమా ప్రీమియం కింద ఒక 500 కూడా ఇందులోనే. పనితీరును బట్టి ఏడాది చివర ఇస్తామనే సొమ్ము 20 వేలు వుంటే, అది నెలకు 1,660 చొప్పున లెక్కలో చేరుతుంది, ఇవ్వడం మాత్రం వారి దయ. ఇవన్నీ తీసేస్తే నెల జీతం 24,500. అందులో ఉద్యోగి వాటా భవిష్యనిధి మరో 1,750 కోత. చివరికి బ్యాంకులో పడేది 22,800 అటూ ఇటూ. ఆదాయపు పన్ను ఈ స్థాయి జీతానికి లేదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో జీతగాళ్ళకు ఏడాదికి 12 లక్షల 75 వేల దాకా పన్ను పడదు కనుక ఆ బెంగ అక్కర్లేదు.

ఇక ఫ్యాక్టరీ పత్రం. నెలకు 20 వేలు. మూలవేతనం 10 వేలు, దాని మీద కంపెనీ భవిష్యనిధి వాటా 1,200, గ్రాట్యుటీ 480, ఇ.ఎస్.ఐ. వాటా సుమారు 575. ఇవి పోను నెల జీతం 17,700. ఉద్యోగి వైపు నుంచి భవిష్యనిధి 1,200, ఇ.ఎస్.ఐ. 133, వృత్తి పన్ను 150 పోతే చేతికి 16,200 పైచిలుకు.

ఇంతవరకు బెంగుళూరుదే పైచేయి. ఖర్చు దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. బెంగుళూరులో ముగ్గురు కలిసి వుండే గదికి, తిండికి కలిపి 9 వేలు. బస్సులు, ఫోను, మధ్యాహ్నం టిఫిను, బట్టలు కలిపి ఎంత పొదుపరికైనా 4 వేలు. నెలకు రెండుసార్లు ఊరికి వచ్చిపోతే 1,500. మిగిలేది 8,300. ఫ్యాక్టరీకైతే ఊరి దగ్గరికే కంపెనీ బస్సు వస్తుంది, ఒక పూట భోజనం క్యాంటీన్‌లో. ఇంట్లో వుండే పిల్లవాడికి చేతి ఖర్చు 2,500 అనుకున్నా మిగిలేది 13,700. ఒకటో తరగతి పిల్లవాడు చెప్పలేని లెక్క ఇది.

అప్పు ఎవరి దగ్గర వుంది?

ఈ మిగులు ఎందుకంత ముఖ్యమంటే ఇంటి మీద అప్పు వుంది కనుక. రీయింబర్స్‌మెంట్ వచ్చినా హాస్టలు, బస్సు, పుస్తకాలు, ప్రాజెక్టులు, ఆలస్యంగా వచ్చే ప్రభుత్వ సొమ్ముకు బదులు ముందుగా కట్టించుకునే ఫీజులు కలిసి నాలుగేళ్ళలో మూడు లక్షలు దాటని ఇల్లు తక్కువ. పై రైతు చేసిన అప్పు మూడు లక్షలే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 6 వేలు వడ్డీకే సరి. అసలు అంగుళం కదలదు. అదే మూడు లక్షలు బ్యాంకులో విద్యా రుణంగా పదిన్నర శాతానికి తీసుకొని వుంటే ఏడేళ్ళపాటు నెలకు 5 వేల పైచిలుకు కట్టి అసలుతో సహా విడిపించుకోవచ్చు. పైగా చదువు కాలమూ, ఆపైన ఒక ఏడాదీ వాయిదా కట్టనక్కరలేదు, వడ్డీ మాత్రం చేరుతూ వుంటుంది. బ్యాంకు మెట్లెక్కడానికి మొహమాటపడి పొరుగు ఊరి ఆసామి ముందు నోటు రాసిచ్చే అలవాటు మన పల్లెల్లో పోలేదు. నాలుగున్నర లక్షల జీతగాడైనా రెండు రూపాయల వడ్డీ ముందు నిలవడం కష్టమే. ఉద్యోగం ఏదని ఆలోచించడానికి ముందు అప్పు ఎక్కడుందో చూసుకోవడం అవసరం.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్తగా చేరేవారికి ఇచ్చే మొత్తం 2010 ప్రాంతంలో కూడా మూడు లక్షల పైచిలుకే. ఇప్పుడూ పెద్ద కంపెనీల్లో ఎక్కువమందికి మూడున్నర లక్షల చుట్టుపక్కలే. 2010లో పది గ్రాముల బంగారం 18, 20 వేల మధ్య వుండేది. ఏడాది జీతంతో 160 గ్రాములు వచ్చేవి. 2025లో పది గ్రాములు లక్ష దాటింది. మూడున్నర లక్షలకు 35 గ్రాములు వస్తే గొప్ప. బంగారంతో కొలవడం న్యాయం కాదని చదువుకున్నవారు అనవచ్చు. అద్దెతో కొలిచినా, కందిపప్పుతో కొలిచినా బరువు తగ్గిన మాట నిజమే. మొదటి తరం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఊళ్ళో మేడలు కట్టారని నేటి తండ్రులు అదే ఆశ పెట్టుకుంటున్నారు. ఆ మేడలు కట్టించిన జీతం ఇది కాదు.

ఇంకొక విషయం. పత్రం చేతికి వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదని గత కొద్ది సంవత్సరాల్లో పిల్లలకు తెలిసివచ్చింది. 2022లో ఆఫర్లు పొందినవారిలో కొందరు రెండేళ్ళు కూర్చొని 2024లో గాని చేరలేదు. 2023 ఫిబ్రవరిలో దేశంలోని ఒక పెద్ద కంపెనీ ఆరున్నర లక్షలు ఇస్తామన్నవారిని మూడున్నరకు చేరతారా అని అడిగింది. ఆఫర్ పత్రం జిరాక్సు తీసి పెళ్ళిళ్ళ పేరయ్య చేతిలో పెట్టే తండ్రులు దీన్ని గమనించడం మంచిది. వరకట్నం 1961 నుంచి నేరమే అయినా, పత్రంలో అంకె పెరిగిన కొద్దీ అవతలివారి మీద మోపే బరువు పెరుగుతున్న సంగతి అందరికీ తెలిసిందే. రేపు చేరకముందే అంకె సగమైతే ఆ పిల్ల ఇంటివారికి ఏమని చెబుతారు?

కనబడని సదుపాయాలు

నెల జీతం 21 వేలకు లోపు వున్నవారికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. ఇంజనీరు చదివి కూలీల ఆసుపత్రికి వెళ్ళడమేమిటని చిన్నచూపు చూసేవారున్నారు. కానీ అందులో ఉద్యోగితో పాటు అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం వుంది. దీనికి జీతంలో పోయేది నూటికి ముప్పావలా. బెంగుళూరు కంపెనీ ఇచ్చే బీమా మూడు లక్షలకో ఐదు లక్షలకో వుండవచ్చు. అది సాధారణంగా ఉద్యోగికి, భార్యాపిల్లలకు. తల్లిదండ్రులను చేర్చాలంటే వేరే ప్రీమియం కట్టమనే కంపెనీలే ఎక్కువ. పెళ్ళికాని పిల్లవాడికి కావలసింది తల్లిదండ్రుల వైద్యమే కదా. చేరే ముందు ఈ ఒక్క మాట రాతలో అడిగి తెలుసుకుంటే చాలు.

భవిష్యనిధి కోతను చూసి కొందరు బాధపడతారు. ఆ సొమ్ముకు 2024-25లో 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. సభ్యుడు సర్వీసులో వుండగా మరణిస్తే కుటుంబానికి ఏడు లక్షల వరకు బీమా కూడా అందులోనే వుంది. నామినీ పేరు రాయించని కారణంగా తల్లిదండ్రులు ఆఫీసుల చుట్టూ తిరగవలసిన పరిస్థితి తెచ్చుకోకూడదు. కంపెనీ మారినప్పుడు ఈ డబ్బు తీసి మోటారు సైకిలు కొనడం పిల్లల్లో ఫ్యాషనైపోయింది. నిధి పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి, తీసేసిన ప్రతిసారీ ఆ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

గ్రాట్యుటీ సంగతి వేరు. పర్మనెంటు ఉద్యోగి ఐదేళ్ళు పనిచేస్తే గాని అది రాదు. మూడేళ్ళకు మానేస్తే పత్రంలో నెలనెలా చూపించిన 700 రూపాయలు కంపెనీవే. నిర్ణీత కాలానికి తీసుకున్నవారికి మాత్రం, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ల ప్రకారం, ఏడాది పనిచేసినా హక్కు వుంది. నియామక పత్రం ఇవ్వడం కూడా ఆ కోడ్లతో తప్పనిసరి అయింది. ఫ్యాక్టరీల వైపు చూసే పిల్లలు ముఖ్యంగా అడగవలసిందిదే: పత్రం మీద పేరు ఫ్యాక్టరీదా, కాంట్రాక్టరుదా? గేటు ఒకటే, యూనిఫారం ఒకటే, పనీ ఒకటే కావచ్చు. ఆర్డర్లు తగ్గిన నెలలో ఎవరు ఇంటికి వెళ్ళాలన్నది ఆ పేరును బట్టే తేలుతుంది.

బాండు గురించి కూడా ఊళ్ళలో తప్పు మాటలు ప్రచారంలో వున్నాయి. "బాండుకు విలువ లేదు, సంతకం పెట్టి తరువాత చూసుకోవచ్చు" అని సీనియర్లు చెబుతుంటారు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో తీర్పు ఇచ్చింది. మూడేళ్ళు పనిచేయకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని అందులో చెప్పారు. అన్ని బాండ్లూ ఒకటే కాకపోవచ్చు. కానీ తండ్రి చేత హామీ సంతకం పెట్టించే ముందు మొత్తం ఎంత, ఎన్నేళ్ళు అని చదవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోవాలే తప్ప ఎవరి బీరువాలోనూ వదలరాదు. ఉద్యోగం ఇప్పిస్తామని లక్షా, రెండు లక్షలు ముందు కట్టమనే కన్సల్టెన్సీల విషయం వేరే చెప్పనక్కరలేదు. జీతం ఇచ్చేవాడు డబ్బు అడగడు.

మేనమామ మాట

ప్రభుత్వ ఉద్యోగానికి చదివించమన్న మేనమామను తీసిపారేయడానికి వీల్లేదు. మన ఊళ్ళలోనే దానికి సాక్ష్యం వుంది. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు బి.టెక్. చదివినవారు వేల సంఖ్యలో ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా చేరారు. మొదట నెలకు 15 వేలు. రెండేళ్ళ ప్రొబేషన్ అన్నది రెండేళ్ళు దాటింది, 2022 జూలై నుంచి గాని స్కేలు రాలేదు. వచ్చిన తరువాత 22,460తో మొదలై, కరువు భత్యం, అద్దె భత్యం కలిసి, సొంత జిల్లాలో నిలకడగా బతుకుతున్నారు. ఎన్.టి.పి.సి. వంటి సంస్థల్లో 'గేట్' పరీక్ష ద్వారా ఇంజనీరు ట్రెయినీగా చేరితే 40 వేల మూలవేతనంతో మొదలయ్యే స్కేలు. జీతం, క్వార్టర్లు, వైద్యం, పని నేర్చుకునే అవకాశం అన్నీ ఒకేచోట దొరికే ఉద్యోగాలు అవే. నంబులపూలకుంటలో అదే సంస్థ పెట్టిన 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పక్కనుంచే మన పిల్లలు బస్సులో పోతుంటారు. అందులో ఇంజనీరు కావాలంటే గేట్ రాయాలని తెలిసినవారు తక్కువ.

అయితే ఎదురుచూపుకు ఖరీదు వుంది. పొరుగున తెలంగాణలో 2022లో 1,540 ఎ.ఇ.ఇ. పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ప్రశ్నపత్రాల లీకు బయటపడి 2023 మార్చిలో పరీక్ష రద్దు చేసి మళ్ళీ పెట్టవలసి వచ్చింది. తప్పు చేసినవారు ఎవరైనా, కాలం పోయింది మాత్రం చదివే పిల్లలదే. నెలకు 6 వేల వడ్డీ కడుతున్న ఇల్లు మూడేళ్ళు కోచింగుకు కూర్చుంటే రెండు లక్షల 16 వేలు వడ్డీకే పోతుంది, హైదరాబాదు గది అద్దె కాక. పింఛను కోసమే అనుకుంటే, రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పింఛను లేదన్న సంగతి మేనమామ తరానికి ఇంకా ఎక్కలేదు. గేట్ మార్కులు మూడేళ్ళు చెల్లుతాయి కనుక, ఉద్యోగంలో చేరి ఉదయం రెండు గంటలు చదివి రాయడమే మధ్యతరగతి రైతు కొడుకుకు తగిన దారి అని కళాశాల అధ్యాపకులు కొందరు అభిప్రాయపడుతున్నారు. షిఫ్టు పని చేస్తూ చదవడం చెప్పినంత తేలిక కాదన్న మాట కూడా నిజమే.

ఏ పని నేర్పుతారు?

ఇంతసేపూ డబ్బు లెక్కే చూశాం. డబ్బు లెక్కలో ఫ్యాక్టరీ గెలిచింది కాబట్టి పిల్లవాడు అక్కడే చేరాలా? అంత తొందరపడరాదు. మొదటి మూడేళ్ళలో నేర్చుకున్న పనే తరువాత ముప్పయ్యేళ్ళ జీతాన్ని నిర్ణయిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే వుంది, ఎందుకంటే దీనికి అంకె లేదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరినవారందరూ ప్రోగ్రాములు రాయరు. కొందరికి శిక్షణ తరువాత నెలల తరబడి పని వుండదు, 'బెంచి' మీద కూర్చోవాలి. కొందరిని రాత్రివేళ కంప్యూటర్లు నడుస్తున్నాయో లేదో చూసే పనికి వేస్తారు. నిజమైన పని దొరికి, నేర్చుకున్నవాడికి మూడు నాలుగేళ్ళకు జీతం రెట్టింపై కంపెనీ మారే అవకాశం వుంది. ఆ ఎగుదల ఫ్యాక్టరీలో అంత త్వరగా రాదు. నేర్చుకోనివాడు మాత్రం మూడున్నర దగ్గరే మూడేళ్ళు నిలబడిపోతాడు. ఇప్పుడు చిన్నచిన్న ప్రోగ్రాములు కృత్రిమ మేధ యంత్రాలే రాస్తున్నందున ఆ నిలబడే చోటు కూడా ఇరుకవుతున్నది.

ఫ్యాక్టరీలోనూ అంతే. 2019లో ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ ప్రారంభమైన తరువాత చుట్టూ విడిభాగాల పరిశ్రమలు వచ్చాయి. అక్కడ బి.టెక్. పిల్లవాణ్ణి లైను మీద నిలబెట్టి రోజంతా ఒకే బోల్టు బిగించమంటే మూడేళ్ళ తరువాత అతనికి తెలిసేది ఆ బోల్టు ఒక్కటే. అదే మెయింటెనెన్సు విభాగంలో వేసి రోబోలు, సి.ఎన్.సి. యంత్రాలు, పి.ఎల్.సి. కంట్రోళ్ళు బాగుచేయడం నేర్పితే, అలాంటివాడు చెన్నై, పూణే ఫ్యాక్టరీలకు కూడా కావలసినవాడు. రామగిరి, ఉరవకొండ వైపు గాలిమరల దగ్గర పనిచేసే ఎలక్ట్రికల్ పిల్లల సంగతీ ఇంతే. మర ఎక్కి లోపలి యంత్రం విప్పి చూసినవాడు ఒకరకం, కింద నిలబడి రిజిస్టరు రాసినవాడు ఒకరకం.

కాబట్టి ఇంటర్వ్యూలో అడగవలసింది "ఎంత ఇస్తారు" అని ఒక్కటే కాదు. ఏ విభాగంలో వేస్తారు, శిక్షణ ఎవరిస్తారు, మూడేళ్ళ కిందట ఇలాగే చేరినవారు ఇప్పుడు ఎక్కడున్నారు? చివరి ప్రశ్నకు కంపెనీవారు సరిగా చెప్పరు. ఆ ఊరివాడో, ఆ కళాశాల సీనియరో అక్కడ పనిచేస్తుంటే ఒక ఆదివారం వెళ్ళి కూర్చుంటే అంతా తెలుస్తుంది. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూసి, నడిపించి, పాత ఆసామిని విచారించే మన రైతులకు ఈ విచారణ కొత్తేమీ కాదు.

ఆడపిల్లల విషయంలో ఈ లెక్కకు ఇళ్ళలో అవకాశమే ఇవ్వడం లేదు. ఫ్యాక్టరీ అనగానే వద్దంటున్నారు, బెంగుళూరైతే హాస్టలుందా అని మాత్రం అడుగుతున్నారు. మార్కుల్లో ముందున్న ఎలక్ట్రికల్, సివిల్ అమ్మాయిలు ఇలా చదివిన చదువుకు సంబంధం లేని పనుల్లోకి పోతున్నారు. రాత్రి షిఫ్టుకు వాహనం పెడతారా, 26 వారాల ప్రసూతి సెలవు సక్రమంగా ఇస్తున్నారా అని విచారించి పంపడం తండ్రుల పని. విచారించకుండా వద్దనడం సులువు.

చివరకు పై రైతు ఇంట్లో నిర్ణయం ఇలా జరిగింది. పిల్లవాడు ఫ్యాక్టరీలో పనిచేసే సీనియరును కలిశాడు. మెయింటెనెన్సు విభాగం, పత్రం ఫ్యాక్టరీ పేరు మీదే, బాండు లేదు. బెంగుళూరు కంపెనీ పత్రంలో రెండేళ్ళ బాండు వుంది, చేరే తేదీ రాయలేదు. ఫ్యాక్టరీకే వెళ్ళాడు. మిగిలే 13,700లో 6 వేలు వడ్డీకి పోగా తక్కినది అసలు కింద జమ వేయాలని, ఈలోగా బ్యాంకులో పంట రుణం తిరగరాసి రెండు రూపాయల నోటును కొంత తగ్గించుకోవాలని అనుకున్నారు. మరొకరి పత్రాల్లో షరతులు తారుమారై వుంటే బెంగుళూరే సరైన దారి అయ్యేది.

తండ్రి మాత్రం ఇంకా పూర్తిగా సమాధానపడలేదు. రచ్చకట్ట మీద ఎవరైనా అడిగితే "బెంగుళూరులో మూడున్నర లక్షలది వచ్చింది గానీ మావాడే పోలేదు" అని చెబుతున్నాడట. మేనమామ గేట్ పుస్తకాలు కొనిచ్చాడు.